దాళ్వా (రెండో పంట వరి) నీళ్ల సర్వేకి వెళ్లేముందు

కాలవ నీళ్లు శివారు దాకా వస్తున్నాయా అని ఊళ్లలో అడగబోతున్నారా? ఇవి చూసుకోండి.

– టీ కొట్టు దగ్గర దొరికినవాళ్లనే అడగొద్దు. రైతులందరి జాబితా తీసుకుని చీటీలేసి పేర్లు తీయండి. కాలవ మొదట్లో ఉన్నవాళ్లే ఎక్కువైతే నీటికి లోటే లేదని తేలుతుంది, ఇక వెయ్యిమందిని అడిగినా ఆ తప్పు పోదు.

– జాబితాలో కౌలు రైతులున్నారా? చాలాచోట్ల చేలో దిగేది వాళ్లే, పొలం పాస్‌బుక్ ఉన్న యజమాని ఏ హైదరాబాద్‌లోనో ఉంటాడు.

– చీటీలో వచ్చినాయన ఇంట్లో లేకపోతే పక్కింటాయనతో సరిపెట్టకండి, సాయంత్రం మళ్లీ వెళ్లండి. పగలు దొరికేది చేలోకి వెళ్లనివాళ్లే కదా.

– 400 మందిని అడిగితే ఫలితం అసలు లెక్కకి సుమారు 5 శాతం అటూఇటూగా ఉండొచ్చు. ఆ తేడా సగం కావాలంటే 1,600 మంది. 400నే మండలాలవారీగా ముక్కలు చేసి తీర్పులివ్వకండి, ఒక్కో ముక్కలో మంది తగ్గి తేడా పెరుగుతుంది.