హాస్టల్‌కు పంపే ముందు: ఫిట్స్ ఉన్న పిల్లలు పక్క తడిపితే

దసరా సెలవులు అయిపోతున్నాయి. పిల్లలు మళ్లీ గురుకులాలకు, హాస్టళ్లకు బయలుదేరుతున్నారు. పోయిన వారం దేవరకొండ దిక్కు నుంచి ఒక తండ్రి మా మందుల షాపుకు వచ్చాడు. తొమ్మిదేళ్ల కొడుక్కి ఫిట్స్. పొద్దున ఒక గోలీ, రాత్రి ఒక గోలీ, నెలకు అరవై. రెండు నెలలుగా ముప్పయ్యే కొంటున్నాడు. అది నేనూ పట్టించుకోలేదు, తప్పు నాదీ ఉంది. పిలగాడు పక్క తడుపుతున్నాడని, తోటి పిల్లలు నవ్వుతున్నారని, "రాత్రి గోలీ వేసుకోకు బిడ్డా" అని చెప్పి పంపారట. సెలవులకు ముందు ఒక తెల్లవారుజామున ఫిట్స్ ఆగకుండా వచ్చాయి. 108లో తీసుకెళ్లారు. దక్కాడు.

రాత్రి గోలీ ఆపకండి. కౌంటర్ దగ్గర ఇన్నేళ్లలో నేను ఎక్కువగా చూసిన తప్పు ఇదే.

గోలీ వల్లే పక్క తడుపుతున్నాడన్న వాళ్ల అనుమానం ఉత్తదేం కాదు. వాల్‌ప్రోయేట్ అనే ఫిట్స్ మందు వాడే కొందరు పిల్లలు పక్క తడుపుతారు. డోసు సర్దినా, మందు మార్చినా తగ్గుతుంది. కానీ ఆ పని డాక్టర్ చేయాలి, మెల్లగా చేయాలి. ఒక్కసారిగా మానేస్తే అణిగి ఉన్న ఫిట్స్ ముందుకంటే గట్టిగా రావచ్చు.

ఇంకో సంగతి. పక్క తడవడమే రాత్రి ఫిట్స్ వచ్చిన గుర్తు కావచ్చు. పొద్దున నాలుక అంచు కొరుక్కుని ఉందా, దిండు మీద చొంగో రక్తమో ఉందా, తలనొప్పి, ఒళ్లునొప్పులు అంటున్నాడా, లేపితే అయోమయంగా చూస్తున్నాడా, గమనించండి. నెలల తరబడి పొడిగా ఉన్న పిల్ల మళ్లీ మొదలుపెడితే అసలే ఆలస్యం చేయొద్దు. రాత్రి ఒళ్లు బిగుసుకోవడం, కొట్టుకోవడం కనబడితే ఒకరు పిల్ల పక్కనే ఉండండి, గట్టిగా అదిమి పట్టుకోకండి, ఇంకొకరు ఫోన్‌లో వీడియో తీయండి. డాక్టర్‌కు అది మీ మాటల కంటే ఎక్కువ చెబుతుంది. మలబద్ధకం, మూత్రంలో ఇన్ఫెక్షన్, షుగర్ కూడా కారణాలే, మూత్ర పరీక్ష చేయించండి. ఐదేళ్లలోపు పిల్లలైతే పక్క తడపడం మామూలే, దానికి టెన్షన్ వద్దు.

పక్క తడపకుండా మందు ఇవ్వమని ఆర్‌ఎంపీనీ, నన్నూ అడగకండి. అందుకు ఇచ్చే ఇమిప్రమిన్ అనే మందు ఫిట్స్‌ను రేపగలదు. డెస్మోప్రెసిన్ అనే ఇంకో మందు వేసుకుని నీళ్లు ఎక్కువ తాగితే రక్తంలో సోడియం పడిపోయి, దానివల్లా ఫిట్స్ రావచ్చు.

పగలు నీళ్లు తగ్గించకండి. కొట్టకండి. బొడ్డు దగ్గర వాతలు పెట్టించకండి. తాయత్తు కట్టుకుంటే కట్టుకోండి, గోలీ మాత్రం ఆపకండి. మెల్లగా కరిగే రకం గోలీని నూరి ఇవ్వకండి. వార్డెన్‌కు దాచకుండా చెప్పండి, డాక్టర్ చీటీ జిరాక్స్ ఇవ్వండి. రెండంతస్తుల మంచమైతే కింది మంచం అడగండి. రెండు దుప్పట్లు, ఒక రబ్బరు షీటు పెట్టెలో పెట్టండి. బావిలో, చెరువులో ఒంటరిగా దిగొద్దని, బాత్రూం గడియ పెట్టుకోవద్దని చెప్పండి. ఫిట్స్ వస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టాలి, నోట్లో ఏమీ పెట్టకూడదు, ఐదు నిమిషాలు దాటితే 108. చేతిలో తాళాలు, ఇనుము పెడితే ఆగవు.

రాత్రి గోలీ ఆపకండి. స్ట్రిప్ అయిపోయే వారం ముందే రండి. ఆదివారం మధ్యాహ్నం నుంచి షాపు బంద్.