థింక్ అలౌడ్ చేస్తున్నా పిల్లలకు చదివింది అర్థం కావడం లేదా? తప్పు ఎక్కడుందో ఇలా వెతకండి

తరగతిలో పాఠం చదువుతూ మధ్యలో ఆగి, మనసులో నడిచేది పైకి చెప్పి చూపించే థింక్ అలౌడ్ పద్ధతి మీకు తెలుసు. కొన్ని వారాలుగా చేస్తూనే ఉన్నారు. అయినా పిల్లల్లో మార్పు లేదు. పద్ధతిని పక్కన పెట్టేసే ముందు ఈ వరుసలో చూసుకుంటూ రండి.

అన్నిటికంటే ముందు: ఆ పేరా వాళ్ళు చదవగలరా?

దయచేసి దీన్ని దాటేయకండి. అందరూ దాటేసేది ఇదే, ఎక్కువసార్లు అసలు కారణం కూడా ఇదే. మీరు వాడుతున్న పాఠంలోంచి 100 పదాల ముక్క తీసుకుని, వెనకబడిన నలుగురైదుగురి చేత ఒక్కొక్కరిగా పైకి చదివించండి. తప్పు చదివినవి, వదిలేసినవి లెక్కపెట్టండి. అయిదు లోపైతే ఫర్వాలేదు. పది దాటితే ఆ పాఠం ఆ పిల్లవాడికి ఇంకా బరువే. ఒత్తుల దగ్గర, పొడవాటి సంధి పదాల దగ్గర కూడబలుక్కుంటూ వెళ్తే, వాక్యం చివరికి వచ్చేసరికి మొదలు మర్చిపోతాడు. ఇక ఆలోచించడానికి ఏం మిగులుతుంది?

తర్వాత అంతే కష్టమైన ఇంకో ముక్కను మీరే చదివి వినిపించి రెండు ప్రశ్నలు అడగండి. విని చెప్పగలిగి, తనే చదివినప్పుడు చెప్పలేకపోతే లోపం అక్షరాల దగ్గర ఉంది, అవగాహనలో కాదు. అతనికి ధారాళంగా చదివే సాధన విడిగా కావాలి. విన్నా చెప్పలేకపోతే ముందు మాటల అర్థాలు తెలుసేమో చూసి, తెలిస్తే కిందికి రండి. ఒక్కో పిల్లవాడికి అయిదు నిమిషాలు పట్టదు.

లక్షణం: కాసేపటికే పిల్లల చూపు పక్కకు పోతుంది

ఎక్కువ ఆగుతున్నారు. ప్రతి వాక్యం దగ్గరా ఆగితే కథ తెగిపోతుంది. ఒక పూటకు ఎనిమిది పది నిమిషాలు, మూడు నాలుగు ఆగే చోట్లు, ఒకే నైపుణ్యం చాలు. ఊహించడం, పోల్చడం, మనసులో బొమ్మ కట్టుకోవడం మూడూ ఒకే పేరాలో చూపిస్తే ఏదీ నిలవదు.

లక్షణం: కథ తిరిగి చెప్పమంటే మీ ఆలోచనల్ని కూడా కథలో కలిపేస్తారు

ఒకటి రెండు తరగతుల్లో ఇది మామూలే. మీరు ఎక్కడ చదువుతున్నారో, ఎక్కడ ఆలోచిస్తున్నారో వాళ్ళకు విడిగా తెలియడం లేదు. చదివేటప్పుడు వేలు అక్షరాల మీద ఉండాలి. ఆలోచించేటప్పుడు పుస్తకం కిందికి దించి తలెత్తండి. ప్రతిసారీ అదే సైగ. పాఠం బోర్డు మీదో చార్టు మీదో అందరికీ కనబడాలి. మీ చేతిలో మాత్రమే ఉన్న పుస్తకంతో ఈ పని కాదు.

లక్షణం: మీతో ఉన్నప్పుడు అన్నీ చెబుతారు, కొత్త పేరా ఇచ్చి ఒంటరిగా వదిలితే ఏమీ రాదు

దొరక్కుండా దాక్కునే తప్పు ఇదే, ఎంతో అనుభవం ఉన్నవాళ్ళకీ చేత చిక్కదు. తరగతి హుషారుగా సాగుతుంది, చేతులు లేస్తాయి, జవాబులు సరిగ్గా వస్తాయి, చూడడానికి వచ్చినవాళ్ళు మెచ్చుకుంటారు. పరీక్ష పెట్టేదాకా తేడా తెలియదు. తెలిశాక తప్పు పిల్లల మీదికి నెట్టేస్తారు.

కారణం: మీరు చూపిస్తున్నది ఆలోచన కాదు, ఆలోచన ముగిశాక మిగిలిన జవాబు. లెక్కలో దారి వదిలేసి జవాబు మాత్రం బోర్డు మీద రాసినట్టే. పెద్దవాళ్ళు చదివేటప్పుడు వాక్యాన్ని వాక్యంతో కలపడం వాళ్ళకు తెలియకుండానే, రెప్పపాటులో జరిగిపోతుంది. నోటికి అందేది చివరి మెట్టు మాత్రమే. పైగా పాఠం మీరు ముందే చదివి ఉంటారు, ముగింపు తెలుసు. దాంతో తడబాటు, వెనక్కి వెళ్ళి చూసుకోవడం, అనుకున్నది మార్చుకోవడం పూర్తిగా మాయమవుతాయి. పిల్లలకు నేర్పాల్సినవి సరిగ్గా ఆ మూడే.

ఒక ఉదాహరణ చూడండి:

“సీత కుక్కను గుమ్మం బయట కట్టేసి లోపలికి వెళ్ళింది. కాసేపటికి ఢమాలుమని చప్పుడయింది. పరుగెత్తుకుంటూ బయటికి వచ్చింది. గుమ్మం దగ్గర తాడు మాత్రమే ఉంది.”

మామూలుగా వినిపించే థింక్ అలౌడ్: “ఓహో, చప్పుడుకు బెదిరి కుక్క పారిపోయిందని నాకు అనిపిస్తోంది.” జవాబు ఒప్పే కావచ్చు. కానీ విన్న పిల్లవాడికి ఏం అందింది? టీచర్‌కు ఎలాగో తెలిసిపోతుందని మాత్రమే.

అదే చోట దారి చూపిస్తే ఇలా ఉంటుంది: “‘పరుగెత్తుకుంటూ బయటికి వచ్చింది.’ వచ్చింది ఎవరు? పేరు రాయలేదు. ముందు కుక్కే అనుకున్నాను, పరుగెత్తేది కుక్కే కదా అని. కానీ ‘బయటికి’ అని ఉంది. కుక్క అప్పటికే బయట ఉంది. మళ్ళీ మొదటి వాక్యం చూస్తాను. ‘లోపలికి వెళ్ళింది.’ వెళ్ళింది సీత. అయితే పరుగెత్తుకొచ్చింది సీతే, నేను అనుకున్నది తప్పు. ఇప్పుడు చివరి వాక్యం, ‘తాడు మాత్రమే’. ‘మాత్రమే’ అన్నారంటే కుక్క అక్కడ లేదు. పారిపోయిందని ఎక్కడా రాయలేదు, చప్పుడుకు బెదిరిందేమో అన్నది నా ఊహ. తర్వాతి పేరాలో దొరుకుతుందేమో చూస్తాను.”

ఇందులో ఆపిన మాట ఉంది, మొదట అనుకున్నది ఉంది, దానికి అడ్డుపడిన మాట ఉంది, వెనక్కి వెళ్ళిన వేలు ఉంది, రాసి ఉన్నది ఏదో ఊహ ఏదో విడిగా ఉంది. తెలుగులో ఈ చోటు మరీ ముఖ్యం. కర్తను వదిలేసి వాక్యం రాస్తాం, ‘వచ్చింది’ అంటే అమ్మాయైనా కుక్కైనా కావచ్చు. పిల్లలు ఇక్కడ పొరబడతారు, పొరబడ్డామని వాళ్ళకు తెలియదు కూడా. మనస్తత్వవేత్త ఎలెన్ మార్క్‌మన్ 1979లో ప్రచురించిన ప్రయోగాల్లో ఒకదానికొకటి పొసగని వాక్యాలున్న పేరాలు ఇస్తే, మూడు నుంచి ఆరు తరగతుల పిల్లల్లో చాలామంది ఆ పొసగనితనాన్ని గమనించలేదు. ‘అర్థం కాలేదు’ అని గుర్తుపట్టడమే నేర్పాల్సిన మొదటి విషయం. ఎప్పుడూ తడబడని టీచర్ దాన్ని చూపించలేరు.

మీది ఇదే తప్పా అని తేల్చుకోవడానికి ఒక పాఠం ఫోన్‌లో రికార్డు చేయండి. పుస్తకంలో ఉన్నవి కాకుండా మీరన్న మొదటి ఇరవై వాక్యాలు కాగితం మీద రాయండి. పిల్లల్ని అడిగిన ప్రశ్నలకు ‘ప్ర’, పాఠంలోని ఫలానా మాటను పట్టుకుని చెప్పినవాటికి ‘మా’, ముందు అన్నది మార్చుకున్నవాటికి ‘మార్పు’ అని పక్కన గుర్తు పెట్టండి. ‘మార్పు’ ఒక్కటీ లేకపోతే లోపం దొరికినట్టే. సగానికి పైగా ‘ప్ర’లు ఉంటే మీరు చేస్తున్నది థింక్ అలౌడ్ కాదు, ప్రశ్నలు జవాబులు. అడగడాన్ని నేర్పడం అనుకోవడం పాత పొరపాటు. అమెరికాలో నాలుగో తరగతి పఠన పాఠాలను గమనించి పఠన పరిశోధకురాలు డొలోరెస్ డర్కిన్ 1978-79లో ప్రచురించిన పరిశీలనలో, దాదాపు 4,500 నిమిషాల్లో అర్థం చేసుకోవడం ఎలాగో నేర్పింది 20 నిమిషాలు. అర్థమైందా లేదా అని అడిగి పరీక్షించడానికి అంతకంటే ఎన్నో రెట్లు పట్టింది.

సరిదిద్దడం పాఠం తయారీ దగ్గర మొదలవుతుంది. కొత్త పాఠాన్ని మొదటిసారి చదివేటప్పుడే పెన్సిల్ పట్టుకోండి. చూపు నెమ్మదించిన చోట, వెనక్కి వెళ్ళిన చోట గీత పెట్టండి. రెండోసారి చదివితే ఆ జాడలు దొరకవు. పాఠం ఇదివరకే కంఠతా వచ్చేసి ఉంటే ఇవి వెతకండి: కర్త లేని వాక్యాలు, ‘అది’, ‘వాళ్ళు’, ‘అక్కడ’ లాంటి మాటలు, కాలం ఒక్కసారిగా ముందుకు దూకిన చోట్లు, కారణం రాయకుండా ఫలితం మాత్రమే రాసినవి. వాటిలో మూడు ఎంచుకుని ఒక్కోదానికి ఒక చీటీ రాయండి: ఆపిన మాట, మొదట అనుకున్నది, అడ్డుపడినది, ఇప్పుడు అనుకుంటున్నది. చీటీలు పుస్తకంలో ఆ పుటల దగ్గరే అంటించండి. అప్పటికప్పుడు తోచింది చెప్పేద్దామంటే మళ్ళీ జవాబే నోట్లోకి వస్తుంది.

ఒక జాగ్రత్త. ఎవరూ చేయని తప్పు నటించకండి, పిల్లలు ఇట్టే పట్టేస్తారు. ఆ వయసు పిల్లలు నిజంగా పొరబడే చోటే ఎంచుకోండి. ఆలోచన నడుస్తున్న అర నిమిషంలో ఎవరైనా చెయ్యెత్తినా ఆపకండి, “ఇది నా వంతు, తర్వాత మీది” అని ముందే చెప్పి ఉంచండి.

లక్షణం: పిల్లలు “నాకు అనిపిస్తోంది...” అని మొదలుపెట్టి నోటికొచ్చింది చెబుతారు

మీ వాక్యం మొదలును పట్టుకున్నారు, దారిని పట్టుకోలేదు. ఏం చెప్పినా “ఏ మాట చూసి?” అని అడిగి ఆ మాట మీద వేలు పెట్టించండి. వేలు పెట్టలేకపోతే ఆ ఊహను తప్పు అనకుండా పక్కన రాసి ఉంచి ముందుకు సాగండి.

కొన్నిసార్లు మధ్య మెట్టు ఎగిరిపోవడం కూడా కారణమే. టీచర్ చూపించారు, మర్నాడే ఒంటరిగా చేయమన్నారు. మధ్యలో రెండు రోజులు పెట్టండి. ఒక రోజు మీరు ‘వచ్చింది ఎవరు?’ దాకా చెప్పి ఆపితే మిగతాది వాళ్ళు పూర్తి చేస్తారు. ఇంకో రోజు ఇద్దరిద్దరు కూర్చుని ఒకరు ఆలోచన చెబుతుంటే రెండోవారు ‘ఏ మాట చూసి?’ అని అడుగుతారు. ఆ తర్వాతే కొత్త పేరా, ఒంటరిగా, అంచున పెన్సిల్‌తో రాసుకుంటూ. నైపుణ్యం మార్చడానికి రెండు మూడు వారాలైనా ఆగండి.

అరుదైనవి: చూపు, వినికిడి అనుమానంగా ఉంటే పరీక్ష చేయించండి. పాఠంలోని విషయమే పిల్లలకు పూర్తిగా కొత్తదైతే ముందు అయిదు నిమిషాలు దాని గురించి మాట్లాడండి, లేదా వేరే పాఠం తీసుకోండి. గొంతులో నాటకీయత తక్కువైందని బెంగపడేవాళ్ళు ఉంటారు, దానితో పనిలేదు.