నిద్ర మానకుండానే కెరీర్ పుస్తకాలు చదువుతున్నాను

వ్యక్తిత్వ వికాస పుస్తకాలంటే నాకు ఇప్పటికీ ఇష్టమే. ఇబ్బందల్లా వాటిని చదివే వేళతోనే వచ్చింది. రాత్రి భోజనం అయ్యాక పుస్తకం పట్టుకుంటే బుర్ర వేడెక్కేది. పక్క మీద వాలినా కొత్త కోర్సులు, ప్రమోషన్, తెల్లవారుజామున నాలుగింటికి లేవడం... ఇవే ఆలోచనలు. ఆదివారం మధ్యాహ్నం కాసేపు నడుం వాల్చినా టైం వేస్ట్ అవుతోందని టెన్షన్.

దేన్లోనైనా ఆరితేరాలంటే పదివేల గంటల సాధన కావాలనే మాట చాలామంది వినే ఉంటారు. దాని మూలం 1993లో మనస్తత్వ శాస్త్రవేత్త ఆండర్స్ ఎరిక్సన్ బృందం ప్రచురించిన అధ్యయనం. బెర్లిన్‌లో వయొలిన్ నేర్చుకునేవారి మీద చేశారు. వాళ్లలో మేటి విద్యార్థులు రోజుకు సగటున 8 గంటలకు పైగా నిద్రపోయేవారు, మధ్యాహ్నం కునుకూ తీసేవారు. సాధన కూడా విడతలు విడతలుగా, మధ్యలో విరామంతో సాగేది. గంటల లెక్క ఊరూవాడా పాకింది, నిద్ర సంగతి ఎత్తేవాళ్లే తక్కువ. ఇది అన్యాయం అనిపిస్తుంది నాకు.

ఇప్పుడు ఆ పుస్తకాలు మియాపూర్ నుంచి అమీర్‌పేట దాకా మెట్రోలోనే చదువుతాను. నచ్చిన సలహా ఒక్కటే ఎంచుకుని, వెనక అట్ట లోపల పెన్సిల్‌తో రాసుకుంటాను. ‘రోజూ అరగంట ఎక్సెల్’ లాంటిది. అది అలవాటయ్యేదాకా కొత్త పుస్తకం కొనను. రాత్రి పదిన్నరకు లైటు ఆపేస్తాను, ఫోన్ హాల్లోనే చార్జింగ్‌లో ఉంటుంది. ఎక్సెల్‌లో పెద్ద పట్టికల సారాంశం తీసే పైవట్ టేబుల్స్ ఈ పద్ధతిలోనే వచ్చాయి. ప్రస్తుతం పదేపదే చేసే పనుల్ని ఎక్సెల్‌తోనే చేయించే మాక్రోలు నేర్చుకుంటున్నాను.