విండోస్ 11 ఎక్కించే ముందు పాస్‌వర్డుల సంగతి చూసుకోండి

మొన్న కాశీనగర్ నుంచి ఒక రిటైర్డ్ మాస్టారు లాప్‌టాప్‌ని గుడ్డసంచిలో పెట్టుకుని ఒడిశాలోని పర్లాకిమిడిలో మా దుకాణానికి వచ్చారు. ముందురోజు రాత్రి వాళ్లబ్బాయి విండోస్ 10 మీద 11 ఎక్కించాడట. "బాబూ, ఎన్నో ఏళ్లుగా ఇదే పాస్‌వర్డు. నిన్న పొద్దున్న కూడా తీసుకుంది. ఇప్పుడు తప్పంటోంది," అన్నారు. నా ముందే ఒక్కో అక్షరం చూసుకుంటూ రెండుసార్లు కొట్టారు. రెండుసార్లూ తప్పే. మూడోసారి కొట్టాక ఎంటర్ నొక్కకుండా ఆపి, ఆ పెట్టె చివర ఉండే కన్ను గుర్తు నొక్కి పట్టుకోమన్నాను. చుక్కలు పోయి అక్షరాలు కనిపించాయి. అన్నీ ఒడియా అక్షరాలు.

పాస్‌వర్డులో తప్పేమీ లేదు. కీబోర్డు భాష మారింది, అంతే. మన వైపు చాలా సిస్టముల్లో ఇంగ్లీషు, ఒడియా, తెలుగు మూడూ పెట్టుకుంటాం. బడి కాగితాలు ఒడియాలో, పెళ్లి శుభలేఖ తెలుగులో, మిగతావి ఇంగ్లీషులో. విండోస్ మారినప్పుడు ఆ భాషల వరస తారుమారు కావచ్చు. భారతీయ భాషలకి వాడే ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు ఆన్‌లో ఉంటే హెచ్ నొక్కితే ప, ఎమ్ నొక్కితే స, ఎల్ నొక్కితే త పడుతుంది. పైకి కనిపించేవి చుక్కలే కాబట్టి మనకి తెలియదు. స్క్రీను కింద కుడి మూల భాష పేరు ఉంటుంది, దాన్ని నొక్కండి. లేదా విండోస్ బొమ్మ ఉన్న కీ పట్టుకుని స్పేస్ కొట్టండి. ఇంగ్లీషు వచ్చాక మాస్టారి పాస్‌వర్డు మొదటిసారికే తీసుకుంది.

ఆయన ఆ రాత్రంతా నిద్రపోలేదట. పింఛను కాగితాలు, మనవరాలి స్కాలర్‌షిప్ ఫారాలు అన్నీ అందులోనే ఉన్నాయి. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మామూలుగా వచ్చే సెక్యూరిటీ అప్‌డేట్లు ఆగిపోయాయి. బ్యాంకు పనులు, ఆన్‌లైన్ అప్లికేషన్లు చేసేవాళ్లు ఇవాళ కాకపోతే రేపైనా మారాల్సిందే. మారిన వెంటనే నా దగ్గరికి వచ్చే ఫిర్యాదు మాత్రం ఒక్కటే: పాస్‌వర్డు అడిగిందే అడుగుతోంది. నేను చూసినంతలో నిజంగా పాస్‌వర్డు తప్పయినవి తక్కువ. అడుగుతున్నది ఎవరో తెలియక ఒకరి పాస్‌వర్డు ఇంకొకరికి కొట్టినవే ఎక్కువ.

ముందు జాగ్రత్తల్లో మొదటిది రోజు ఎంచుకోవడం. ధాన్యం టోకెన్ల కోసం రైతులు వరస కట్టే రోజుల్లో, అప్లికేషన్ల ఆఖరి తేదీ ముందు రాత్రి ఈ పని పెట్టుకోవద్దు. తుపాను కబురు ఉన్నప్పుడు అసలే వద్దు. 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ గజపతి జిల్లాని ఎలా చేసిందో, కరెంటు కోసం ఎన్ని రోజులు చూశామో మనకి గుర్తే. ఎక్కింపు మధ్యలో కరెంటు పోతే లాప్‌టాప్‌కి బ్యాటరీ ఉంటుంది, డెస్క్‌టాప్‌కి ఏమీ ఉండదు. ఇన్వర్టర్ మీద పెట్టి, పొద్దున్నే మొదలుపెట్టండి.

రెండోది, దీని మీదే ఎక్కువ చెప్పాలి. మీరు రోజూ కొట్టే నాలుగంకెల పిన్ మీ పాస్‌వర్డు కాదు. ఆ పిన్ ఆ ఒక్క కంప్యూటర్‌కి మాత్రమే. లోపల ఉండే టీపీఎం అనే భద్రతా చిప్‌తో ముడిపడి ఉంటుంది. కంప్యూటర్‌ని మొదట లేపే బయోస్ అనే ప్రోగ్రాము అప్‌డేట్ అయినా, ఆ చిప్‌లోవి చెరిపేసినా పిన్ పనిచేయకపోవచ్చు. "మీ పిన్ అందుబాటులో లేదు" అని వస్తుంది. అప్పుడు మైక్రోసాఫ్ట్ ఖాతా అసలు పాస్‌వర్డు కొట్టి పిన్ కొత్తగా పెట్టుకోవాలి. రెండేళ్లుగా పిన్ మాత్రమే కొడుతున్నవాళ్లకి ఆ అసలు పాస్‌వర్డు ఎక్కడ గుర్తుంటుంది? కాబట్టి ఎక్కించే ముందే ఫోన్‌లో బ్రౌజర్ తెరిచి, ఆ ఖాతాలోకి పాస్‌వర్డుతో ఒకసారి వెళ్లి చూడండి. వెళ్లగలిగితేనే ముందుకి.

వెళ్లాక అందులో ఏ ఫోన్ నంబరు ఉందో కూడా చూడండి. మన దగ్గర ఇది పెద్ద చిక్కు. పాతపట్నంలో కొన్న ఆంధ్రా సిమ్ ఒకటి, ఇక్కడి ఒడిశా సిమ్ ఒకటి వాడతాం. రీఛార్జ్ చేయక ఒకటి ఆగిపోతుంది. ఖాతాలో ఉన్నది ఆ ఆగిపోయిన నంబరే అయితే ఓటీపీ ఎవరికి వెళ్తుందో దేవుడికే తెలియాలి. మా వదిన ఖాతాకి సరిగ్గా ఇదే జరిగింది. ఆ సిమ్ ఆగిపోయి చాలాకాలమైంది, ఖాతా తిరిగి చేతికి రావడానికి నెల పైనే పట్టింది. నంబరు మార్చడానికి రెండు నిమిషాలు చాలు, కానీ తలుపు తెరిచి ఉన్నప్పుడే మార్చుకోవాలి.

మూడోది బిట్‌లాకర్ తాళం. ఈ మధ్య వచ్చే చాలా లాప్‌టాపుల్లో మైక్రోసాఫ్ట్ ఖాతాతో సైన్ ఇన్ అవగానే డిస్క్‌కి తాళం దానంతటదే పడిపోతుంది. మనం పెట్టిన గుర్తు కూడా ఉండదు. ఎక్కింపు తరవాత ఒక్కోసారి నీలం తెర మీద 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. అది మీ పాస్‌వర్డూ కాదు, పిన్నూ కాదు. ఊహించి కొట్టడానికి ఏమీ లేదు. ఆ కీ మైక్రోసాఫ్ట్ ఖాతాలో మీ కంప్యూటర్ పేరు కింద దొరుకుతుంది. ముందే తీసి కాగితం మీద రాసి బీరువాలో పెట్టండి. అదే కంప్యూటర్‌లో సేవ్ చేస్తే ఉపయోగం లేదు, పెట్టె తాళంచెవి పెట్టెలోనే వేసి మూసినట్టు అవుతుంది. కీ లేకపోతే లోపలి ఫొటోలు, ఫైళ్లు ఎవరూ తీసివ్వలేరు. తీసిస్తామని డబ్బు అడిగేవాళ్లని నమ్మకండి.

బ్రౌజర్‌లో దాచుకున్న పాస్‌వర్డులకి సింక్, అంటే ఖాతాలో కూడా కాపీ ఉంచడం, ఆన్‌లో ఉందో లేదో చూడండి. ఫైలుగా దించుకోవచ్చు గానీ ఆ ఫైలులో అన్నీ తెరిచి రాసినట్టే ఉంటాయి. ఎవరు చూసినా చదవగలరు. పని కాగానే తీసేసి, రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేయండి. నెట్ సెంటర్ కంప్యూటర్‌లో అయితే ఆ పని వద్దేవద్దు.

ఎక్కించేటప్పుడు ఫైళ్లూ ఆప్‌లూ ఉంచాలా అని అడగొచ్చు. ఉంచమనే చెప్పండి. ఫార్మాట్ కొట్టి కొత్తగా వేస్తే పాత సైన్ ఇన్‌లన్నీ పోయి, ప్రతి ప్రోగ్రామూ మొదటి నుంచి అడుగుతుంది.

ఇక ఎక్కించాక. పాస్‌వర్డు పెట్టె రాగానే చెయ్యి కీబోర్డు మీదికి పోనివ్వకండి. ఆ పెట్టె పైన ఏం రాసి ఉందో చదవండి. విండోసా, మెయిలా, పక్క కంప్యూటరా, బ్రౌజర్‌లో పేజీయా?

మెయిల్ అయితే, అవుట్‌లుక్ అనే మెయిల్ ప్రోగ్రాము పాతదాంట్లో జీమెయిల్ పెట్టుకున్నవాళ్లకి ఇది తరచూ వస్తుంది. బయటి ప్రోగ్రాములు మామూలు పాస్‌వర్డుతో లోపలికి రావడాన్ని గూగుల్ 2022 మే 30 నుంచి ఆపడం మొదలుపెట్టింది. మీరు కొట్టేది సరైన పాస్‌వర్డే అయినా అది తీసుకోదు, మళ్లీ అడుగుతుంది. గూగుల్ ఖాతాలో రెండంచెల తనిఖీ ఆన్ చేసి, 16 అక్షరాల ఆప్ పాస్‌వర్డు తీసుకుని అది కొట్టాలి. విసిగిపోయి గూగుల్ పాస్‌వర్డు మార్చారో, అంతకుముందు తీసుకున్న ఆప్ పాస్‌వర్డులన్నీ రద్దవుతాయి, ఇంకోచోట కూడా అడగడం మొదలవుతుంది. మైక్రోసాఫ్ట్ సొంత మెయిల్ అయితే 2024 సెప్టెంబరు 16 నుంచి పాస్‌వర్డు ఒక్కదానితో లోపలికి వెళ్లే పాత పద్ధతి మొత్తానికే పోయింది. అక్కడ పాత అవుట్‌లుక్‌తో కుస్తీ పడి లాభం లేదు. బ్రౌజర్‌లోనో కొత్త ప్రోగ్రాములోనో చూసుకోవాలి.

కొత్త ప్రోగ్రాముల్లోనూ అడుగుతూనే ఉంటే, కంట్రోల్ పానెల్‌లో, విండోస్ పాస్‌వర్డులు దాచే క్రెడెన్షియల్ మేనేజర్ తెరవండి. విండోస్ క్రెడెన్షియల్స్ కింద పాత మెయిల్ పేరుతో మిగిలిపోయిన ఎంట్రీలు ఉంటాయి. ఏవేవి తీస్తున్నారో కాగితం మీద రాసుకుని తీసేసి, ప్రోగ్రాము మూసి తెరిచి ఒక్కసారి సరిగ్గా కొట్టండి. అన్నీ ఒకేసారి తుడిచేయకండి. ప్రింటరు, ఆఫీసు ఫోల్డరు పాస్‌వర్డులు కూడా అక్కడే ఉంటాయి.

రెండు కంప్యూటర్లు పెట్టుకుని ఒకదాని ప్రింటరు రెండోదానికి షేర్ చేసే జిరాక్స్ దుకాణాల వాళ్లకి ఒక మాట. విండోస్ 11 ప్రోలో 24హెచ్2 అనే వెర్షన్ నుంచి పాస్‌వర్డు లేని షేరింగ్‌ని మామూలుగా ఒప్పుకోవడం లేదు. ఇన్నాళ్లూ అడగనిది ఇప్పుడు యూజర్ పేరు, పాస్‌వర్డు అడుగుతుంది. అక్కడ పిన్ కొడితే తీసుకోదు. ప్రింటరు తగిలించిన కంప్యూటర్‌లో, దానికి మాత్రమే చెందిన ఒక లోకల్ యూజర్‌ని తయారుచేసి, దానికి పాస్‌వర్డు పెట్టండి. రెండోదానిలో ముందు ఆ కంప్యూటర్ పేరు, తరవాత బ్యాక్‌స్లాష్, తరవాత ఆ యూజర్ పేరు కొట్టి, గుర్తుపెట్టుకోమనే గడిలో టిక్కు పెట్టండి. రక్షణ తీసేసే చిట్కాలు చెప్పేవాళ్లు ఉంటారు. దుకాణం వైఫై పదిమంది వాడేచోట అవి నేను చేయను, మిమ్మల్నీ చేయమనను.

రెండు నిమిషాలు లేచి వెళ్లొస్తే అడుగుతోందా? అది సెట్టింగే. అకౌంట్స్‌లో సైన్ ఇన్ ఆప్షన్స్ కింద మార్చుకోవచ్చు. ఇంట్లో అయితే మార్చుకోండి. నలుగురు తిరిగే కౌంటరు మీద ఉన్నదాన్ని అలాగే ఉంచండి.

గడియారం చూడండి. పాత డెస్క్‌టాపుల్లో మదర్‌బోర్డు మీద ఉండే నాణెం బ్యాటరీ, సీఆర్2032, అయిపోతే కరెంటు పోయినప్పుడల్లా తేదీ ఎప్పటికో వెళ్లిపోతుంది. తేదీ తప్పయితే ఆన్‌లైన్ సైన్ ఇన్‌లు ఒప్పుకోవు. పాస్‌వర్డు ఎన్నిసార్లు కొట్టినా అంతే.

విండోస్‌కి బదులు ఉబుంటు వాడేవాళ్లకి అప్‌గ్రేడ్ తరవాత "కీరింగ్ (దాచిన పాస్‌వర్డుల గుత్తి) తెరవాలి" అనే పెట్టె వస్తే, అది మీ పాత లాగిన్ పాస్‌వర్డు అడుగుతున్నట్టే చాలాసార్లు. పాస్‌వర్డ్స్ అండ్ కీస్‌లో లాగిన్ కీరింగ్‌కి పాతది కొట్టి, ఇప్పటి పాస్‌వర్డు పెడితే ఆగిపోతుంది.

కాంట్రాక్టర్లు, సొసైటీల వాళ్లు ఆన్‌లైన్ సంతకానికి వాడే, పెన్‌డ్రైవ్ లాంటి డిజిటల్ సిగ్నేచర్ టోకెన్ విషయంలో మాత్రం చాలా జాగ్రత్త. విండోస్ మారాక దాని డ్రైవరు మళ్లీ వేయాల్సి రావచ్చు. పిన్ తప్పంటే రెండోసారికే ఆగండి. వరసగా తప్పులు పడితే టోకెన్ లాక్ అయిపోతుంది, అప్పుడు కొత్త సర్టిఫికెట్ దాకా పోవచ్చు. టెండరు ఆఖరి రోజున లాక్ అయిన టోకెన్ పట్టుకుని నిలబడ్డ మనిషిని నేను చూశాను. అతనికి నేను ఏ సాయమూ చేయలేకపోయాను.

లోపలికి వెళ్లలేక పెన్‌డ్రైవ్‌తో పాస్‌వర్డు తీసేసే టూల్ వాడమంటారు కొందరు. తలుపు తెరుచుకుంటుంది గానీ, ఆ యూజర్ కింద విండోస్ దాచిన పాస్‌వర్డులు ఇక తెరుచుకోకపోవచ్చు. గూగుల్‌లో వెతికి దొరికిన కస్టమర్ కేర్ నంబరుకి ఫోన్ చేయడం ఇంకా ప్రమాదం. మైక్రోసాఫ్ట్ హెచ్చరికల్లో ఫోన్ నంబరు ఎప్పుడూ ఉండదు. నంబరుతో, సైరన్ మోతతో తెర నిండా పేజీ వచ్చిందంటే అది దొంగ పేజీ. అప్పటికే డబ్బు పోయి ఉంటే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి.

అన్నీ చూసినా కుదరకపోతే, ఎక్కించిన పది రోజుల్లోపు సెట్టింగ్స్‌లో సిస్టం, రికవరీ కిందికి వెళ్లి పాత విండోస్‌కి తిరిగి వెళ్లొచ్చు. పది రోజులు దాటితే ఆ దారి మూసుకుపోతుంది. క్యాలెండర్ మీద తేదీ చుట్టి పెట్టుకోండి. వెనక్కి వెళ్లే ముందు పాత విండోస్‌లో వాడిన పాస్‌వర్డు గుర్తుందా అని అదే అడుగుతుంది. అక్కడ గబగబా నెక్స్ట్ కొట్టకుండా, ముందు రాసిపెట్టుకున్న కాగితం బీరువాలోంచి తెచ్చి పక్కన పెట్టుకోండి.