తక్కువ ఖర్చులో వాటర్ కూలింగ్ పీసీ – 3వ పాఠం: ఏవి మీతో ఉంటాయి, ఏవి కార్డుతో పోతాయి

కిందటి పాఠంలో కేసు, పవర్ సప్లై చూశాం. లెక్కల కోసం మనం పెట్టుకున్న జత రైజెన్ 5 7600 ప్రాసెసర్, ఆర్‌టీఎక్స్ 4070 సూపర్ గ్రాఫిక్స్ కార్డు. ఈసారి నీళ్ల సామాన్లు: చిప్ మీద కూర్చుని వేడిని నీళ్లలోకి లాగే బ్లాకులు, ఆ నీళ్లని ఫ్యాన్ల గాలితో చల్లార్చే రేడియేటర్లు, నీళ్లు తిప్పే పంపు, ట్యూబు, ట్యూబుని బిగించే ఫిట్టింగులు. డబ్బు చేతిలోంచి జారిపోయేది ఇక్కడే. అందుకని బ్రాండ్ల పేర్లలోకి వెళ్లే ముందు ఒక్కో వస్తువు మన దగ్గర ఎన్నేళ్లు ఉంటుందో చూసుకుందాం.

గ్రాఫిక్స్ కార్డు మూడు నాలుగేళ్లకు మారిపోతుంది. దాని మీద బిగించే బ్లాకు ఆ మోడల్ బోర్డు కొలతలకే తయారై ఉంటుంది కాబట్టి కార్డుతో పాటే అదీ పోతుంది, కొత్త కార్డుకి పట్టదు. ప్రాసెసర్ బ్లాకు కాస్త నయం, క్లాంపు మారిస్తే చాలాసార్లు కొత్త సాకెట్‌కి (బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే చోటుకి) కూడా పనికొస్తుంది. పంపు, రేడియేటర్లు, ఫిట్టింగులు మాత్రం రెండు మూడు కార్డులు మారినా అలాగే ఉంటాయి. అంటే పొదుపు చేయాల్సింది బ్లాకుల దగ్గర, పంపు దగ్గరా రేడియేటర్ దగ్గరా కాదు. చాలామంది దీన్ని తిరగేసి చేస్తారు, లైట్లు మెరిసే ఖరీదైన బ్లాకు కొనేసి మిగిలిన చిల్లరతో పంపు తెస్తారు. అది చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది.

ఇంకో మాట కూడా ఇప్పుడే చెప్పేస్తాను. ప్రాసెసర్ ఒక్కదాని కోసమే అయితే కస్టమ్ లూప్ (విడి భాగాలు కొని మనమే కలుపుకునే నీళ్ల చుట్టు) వద్దు. 7600 మామూలు సెట్టింగులో గరిష్ఠంగా 88 వాట్లు లాగుతుంది, దానికి రెండు టవర్ల ఎయిర్ కూలర్ హాయిగా సరిపోతుంది. కార్డు కూడా లూప్‌లోకి వస్తేనే ఈ ఖర్చుకి అర్థం, ఎందుకంటే వేడీ, ఫ్యాన్ల మోతా ఎక్కువగా వచ్చేది కార్డు దగ్గరే. లూప్ ఖర్చు వల్ల కార్డు ఒక మెట్టు దిగాల్సి వస్తుందనుకోండి, అప్పుడు ముందు కార్డే కొనుక్కోండి, లూప్ వచ్చే ఏడాది చేసుకోవచ్చు.

ఇక రేడియేటర్. ప్రాసెసర్‌కి 88, కార్డుకి 220, మొత్తం 308 వాట్లు. ప్రతి 100 వాట్లకీ ఒక 120 మిల్లీమీటర్ల ఫ్యాన్ చోటు అనేది అందరూ వాడే మోటు లెక్క, ఆ ప్రకారం ఒక 360 రేడియేటర్ (మూడు 120 ఫ్యాన్లు పట్టేది) బొటాబొటీగా సరిపోవాలి. కానీ ఈ లెక్కలో గది వేడి లేదు. నీళ్లు గది ఉష్ణోగ్రత కంటే కిందకి దిగవు. మే నెలలో విజయవాడలో ఏసీ లేని గది 38 డిగ్రీలు ఉందనుకోండి, నీళ్లు దానికంటే 10 డిగ్రీలు పైన ఉంటే 48. చాలా పంపులకి నీటి వేడి హద్దు 60 డిగ్రీలు కాబట్టి ప్రమాదమేమీ లేదు గానీ, ఫ్యాన్లు మాత్రం గోల పెడతాయి. ఆ గోల భరించలేకే కదా మనం ఇందులోకి దిగింది! అందుకని పైన 360, ముందు 240, మొత్తం ఐదు ఫ్యాన్ల చోటు పెట్టుకోండి. రెండూ 30 మిల్లీమీటర్ల మందం చాలు. 60 మందం ఉన్నవాటి బలమంతా బయటికి రావాలంటే ఫ్యాన్లు జోరుగా తిరగాలి. ఫ్యాన్లకి ఆర్కిటిక్ పీ12 లాంటివి తీసుకోండి, గాలిని సన్నటి రెక్కల్లోంచి తోసే బలం ఉంటుంది, ధరా తక్కువే.

ఆర్డర్ పెట్టే ముందు టేపు తీసుకుని కేసు ముందు కూర్చోండి. 360 రేడియేటర్ పొడవు 360 ఉండదు, రెండు చివర్లా నీటి తొట్టెలు కలుపుకుని దాదాపు 400 మిల్లీమీటర్లు వస్తుంది. మందం కూడా 30 కాదు, ఫ్యాన్‌తో కలిపి 55. పైకప్పు నుంచి 55 కిందకి కొలిచి అక్కడ పెన్సిల్ అడ్డం పెట్టి చూడండి, ర్యామ్ స్టిక్కులకి తగులుతోందా? తగిలితే పొట్టి ర్యామ్ కొనాలి, లేకపోతే కేసు మార్చాలి. ఈ ఐదు నిమిషాల పని చేయకుండా డబ్బు పెట్టకండి.

లోహాల విషయం ఇంకా ముఖ్యం. నా మొదటి లూప్‌లో బ్లాకు రాగిది, రేడియేటర్ చౌకగా వచ్చిందని తీసుకున్న అల్యూమినియంది. అమ్మినతను "ఏం కాదండీ, అందరూ వాడుతున్నారు" అన్నాడు. ఏడెనిమిది నెలలకు వేడి మెల్లగా పెరగడం మొదలైంది. బ్లాకు విప్పి చూస్తే, వెంట్రుక మందం గాడులుండే రాగి పలక మీద తడి సున్నంలా బూడిద రంగు ముద్ద పేరుకుపోయి ఉంది. పాత టూత్‌బ్రష్‌తో గంటసేపు రుద్దినా గాడుల్లోది పూర్తిగా రాలేదు. రాగి, అల్యూమినియం ఒకే నీళ్లలో ఉంటే లూపే ఒక చిన్న బ్యాటరీ అయిపోతుంది, అందులో కరిగేది అల్యూమినియం. రాగి, ఇత్తడి, నికెల్ పూత కలిసి ఉండొచ్చు. అల్యూమినియం మాత్రం ఒక్క ముక్క కూడా రానివ్వకండి. పాత ఏఐఓ కూలర్ (ఫ్యాక్టరీలోనే నీళ్లు నింపి మూసేసి వచ్చేది) విప్పి దాని రేడియేటర్ వాడేద్దామనే ఆలోచన ఉంటే మానుకోండి, వాటిలో ఎక్కువ భాగం అల్యూమినియమే.

రాగి రేడియేటర్ సెకండ్‌హ్యాండ్‌లో దొరికితే నిక్షేపంగా తీసుకోండి. వేడి డిస్టిల్డ్ వాటర్ సగం పోసి బాగా ఊపి తెల్ల గిన్నెలోకి వంచండి, నలుసులు రావడం ఆగేదాకా మళ్లీ మళ్లీ చేయండి. పంపు మాత్రం కొత్తదే కొనండి. కస్టమ్ లూపుల్లో బాగా వాడే డీ5 రకం పంపుకి 50,000 గంటల ఆయుష్షు చెబుతారు, రోజుకి 8 గంటలు వాడినా 17 ఏళ్లు. రిజర్వాయర్‌తో (నీళ్లు నిలవుండే డబ్బాతో) కలిసి వచ్చే కాంబో అయితే రెండు ఫిట్టింగులు మిగులుతాయి. పంపు కరెంటు పవర్ సప్లై నుంచే ఇవ్వాలి, మదర్‌బోర్డు ఫ్యాన్ పిన్నుల నుంచి కాదు. డీ5 గరిష్ఠంగా 23 వాట్ల వరకు లాగుతుంది, మామూలు ఫ్యాన్ పిన్నులు 12 వాట్లకే కట్టుబడి ఉంటాయి. వేగం చెప్పే సన్న తీగని మాత్రం సీపీయూ ఫ్యాన్ పిన్నుకి కలిపి, బయోస్‌లో ఫ్యాన్ హెచ్చరిక ఆన్ చేయండి. పంపు ఆగిన రోజు మీకు వెంటనే తెలుస్తుంది.

నీళ్లు ముందు ప్రాసెసర్‌కి వెళ్లాలా, కార్డుకి వెళ్లాలా అని చాలామందికి టెన్షన్. నిమిషానికి 3 లీటర్లు తిరిగితే, 308 వాట్ల వేడి మొత్తం మింగినా నీళ్లు ఒక చుట్టులో డిగ్రీన్నర దాకానే పెరుగుతాయి. కాబట్టి ట్యూబు ఎటు పొట్టిగా వస్తే అటే వేయండి. రిజర్వాయర్ మాత్రం పంపుకి సరిగ్గా ముందుండాలి.

ట్యూబు విషయంలో మొదటిసారికి గట్టి పైపు జోలికి పోవద్దు. వంచేటప్పుడు ముక్కలు పాడవుతాయి, పైగా వంపు ఫిట్టింగులు విడిగా కొనాలి. నల్ల ఈపీడీఎమ్ రబ్బరు ట్యూబు, లోపల 10, బయట 16 మిల్లీమీటర్లది తీసుకోండి. మలుపుల్లో నలగదు, మామూలు మెత్తటి ప్లాస్టిక్ ట్యూబులా కొన్నాళ్లకి మసకబారి జిడ్డు వదలదు. ఫిట్టింగులు కూడా అదే 10/16 కొలతకి ఉండాలి, మర (థ్రెడ్) సైజు జీ 1/4. ఎన్ని కావాలి? కాంబోకి రెండు, రెండు రేడియేటర్లకి నాలుగు, బ్లాకులకి నాలుగు, మొత్తం పది. నీళ్లు దించడానికి కింద ఒక టీ (మూడు దారుల ముక్క), ఒక వాల్వు, దాని చుట్టూ మరో రెండు ఫిట్టింగులు.

బ్లాకులకి బైక్‌స్కీ, బారో లాంటి చైనా కంపెనీలవి మన పనికి చాలు. సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లో ప్రాసెసర్, బోర్డు, ర్యామ్ తిరిగి బేరమాడి కొనొచ్చు, కార్డు మాత్రం అక్కడ కనిపించిందని వెంటనే కొనేయకండి. ముందు ఆ మోడల్ పూర్తి పేరుతో బ్లాకు దొరుకుతోందో లేదో చూడాలి. ఒకే కంపెనీ పేరుతో 4070 సూపర్‌లో రెండు మూడు రకాలు ఉంటాయి, లోపలి బోర్డులు వేరు, ఒకదానికి బ్లాకు ఉంటే ఇంకోదానికి ఉండకపోవచ్చు. హీట్‌సింక్ విప్పితే వారంటీ ఉంటుందా అని కంపెనీకి మెయిల్ పెట్టి, జవాబు దాచుకోండి.

లూప్‌లో పోసేది డిస్టిల్డ్ వాటర్, దాంట్లో తుప్పు, నాచు రాకుండా ఆపే కూలెంట్ మందు. బోరు నీళ్లూ వద్దు, ఆర్వో నీళ్లూ వద్దు, ఆర్వో చేశాక కూడా లవణాలు కొంత మిగులుతాయి.

వచ్చే పాఠానికి ఇంటిపని: మీ కేసు బొమ్మ కాగితం మీద గీసి, కొలతలు రాసి, ట్యూబు దారి పెన్సిల్‌తో వేసి, ఫిట్టింగులు లెక్కపెట్టి తీసుకురండి. ట్యూబు కోసి, కంప్యూటర్‌కి కరెంటు ఇవ్వకుండా పంపు ఒక్కటే తిప్పి లీకులు పట్టుకోవడం 4వ పాఠంలో చేద్దాం.