సబ్‌స్టేషన్ ఆటోమేషన్‌లో దూరం నుంచి మార్పులు చేసే ముందు తీసుకోవలసిన జాగ్రత్తలు

విజయవాడ ఆఫీసులో కూర్చొని ఊరవతలి సబ్‌స్టేషన్‌లోని రిలే (లైన్లలో లోపాన్ని పసిగట్టి కరెంటును ఆపించే రక్షణ పరికరం) సెట్టింగ్ మార్చగలగడం గొప్ప సౌలభ్యమే గాని, ఆ దారిని కాపలా లేకుండా వదిలేస్తే అదే ముప్పు అవుతుంది. 2015 డిసెంబరు 23న ఉక్రెయిన్‌లో చొరబాటుదారులు ఉద్యోగుల లాగిన్ వివరాలతోనే లోపలికి ప్రవేశించి బ్రేకర్లు (కరెంటు సరఫరాను ఆపే స్విచ్చులు) తెరవడంతో సుమారు 2,25,000 మంది వినియోగదారులకు కరెంటు పోయింది.

అందువల్ల రిమోట్ కనెక్షన్‌ను పని ఉన్నప్పుడే, షిఫ్ట్ ఇంజనీరుకు తెలిపి, రెండంచెల ధ్రువీకరణతో తెరవాలి. రిలే కంపెనీ ప్రతినిధికైనా ఉమ్మడి పాస్‌వర్డ్ ఇవ్వకూడదు.

పాత సెట్టింగ్ ఫైలును ల్యాప్‌టాప్‌లోంచి కాక రిలేలోంచే తీసి భద్రపరచాలి, ఎందుకంటే సైట్‌లో ఎవరైనా చేసిన మార్పు ఆఫీసు ప్రతిలో ఉండకపోవచ్చు.

ఐఈసీ 61850 (సబ్‌స్టేషన్ పరికరాల మధ్య సమాచార మార్పిడికి అంతర్జాతీయ ప్రమాణం) పాటించే సబ్‌స్టేషన్లలో అసలు చిక్కు గూస్ సందేశాలతో, అంటే రిలేలు నెట్‌వర్క్‌పై అతివేగంగా పంపుకునే సందేశాలతో, వస్తుంది. ఒక రిలే డేటాసెట్‌ను (ఆ సందేశంలో పంపే సమాచార జాబితాను) మార్చితే దాని కాన్ఫిగరేషన్ రివిజన్ సంఖ్య కూడా మారుతుంది. పాత సంఖ్యనే ఆశిస్తున్న రిలేలు ఆ సందేశాన్ని తోసిపుచ్చితే, బ్రేకర్ ఫెయిల్యూర్ ట్రిప్ (ఒక బ్రేకర్ తెరుచుకోకపోతే దాని చుట్టూ ఉన్నవాటిని తెరిపించడం) వంటి కీలక ఆదేశం అవసరమైన క్షణంలో పనిచేయదు. కనుక మార్చిన రిలేతో సరిపెట్టుకోకుండా, ఆ సందేశాన్ని అందుకునే ప్రతి రిలేనూ పరీక్షించి తీరాలి.

పని మొదలుపెట్టే ముందు బ్యాకప్ ప్రొటెక్షన్ (ప్రధాన రక్షణ పనిచేయకపోతే ఆదుకునే రక్షణ) సర్వీసులో ఉందని నిర్ధారించుకోవాలి. లింకు మధ్యలో తెగితే పని అందుకునేందుకు సైట్‌లో ఒక ఇంజనీరు ఉండాలి. మే నెల మధ్యాహ్నాల్లో, లోడు తారస్థాయిలో ఉన్నప్పుడు, ఈ పని పెట్టుకోకపోవడమే మంచిదని నా అభిప్రాయం.

పని ముగిశాక సెట్టింగులను తిరిగి చదివి సరిపోల్చి, లాగ్‌బుక్‌లో నమోదు చేసి, తాత్కాలిక ఖాతాను అప్పుడే మూసివేయాలి.