శ్రీకాకుళం జిల్లాలో శాలిహుండం నుంచి కళింగపట్నానికి వంశధార ఏటి గట్టున నడిచేవారికి

ఈ నడక మధ్యాహ్నం మూడింటికి మొదలుపెట్టండి. పొద్దున్నే తూర్పుకు నడిస్తే ఎండ సూటిగా కళ్లలో కొడుతుంది. సాయంత్రమైతే సూర్యుడు వీపువైపు ఉంటాడు, సముద్రపు గాలి ఎదురొస్తుంది. కొండ ఎక్కి దిగడంతో కలిపి కనీసం మూడు గంటలు పెట్టుకోండి.

ముందు శాలిహుండం కొండ. దాని మీదున్న బౌద్ధ క్షేత్రాన్ని 1919లో వెలుగులోకి తెచ్చింది మన గిడుగు రామమూర్తి గారే. పైన స్తూపపు పునాది దగ్గర కాసేపు ఆగండి: ఇటుకలు బండిచక్రం ఆకుల్లా పేర్చి కనిపిస్తాయి. నడుమ మట్టి నింపి బరువును ఆ ఆకుల మీదికి పంచే పద్ధతి అది. దయచేసి ఇటుకల మీద ఎక్కకండి, అంచులు రాలిపోతాయి. ఏటి వంపు మొత్తం అక్కణ్ణించే బాగా కనబడుతుంది.

దిగాక గట్టు మీదే నడవండి. ఇసుకలోకి దిగాల్సి వస్తే నీటి అంచున ముదురు రంగులో ఉన్న తడి ఇసుక కాలికి గట్టిగా ఉంటుంది. పొడి ఇసుకలో మడమ దిగబడి పిక్కలు పట్టేస్తాయి. పల్లేరుకాయలు పలచటి హవాయి చెప్పుల్లోంచి గుచ్చుకుంటాయి, మందమైన అడుగున్న బూట్లే మేలు. మనిషికి రెండు లీటర్ల నీళ్లు తప్పనిసరి.

నీళ్లు మోకాలి లోతే అనిపించినా ఏరు దాటవద్దు. ఇసుక తవ్విన గోతులు అడుగున కనబడవు. వానాకాలంలో అసలు దిగకండి. ఇక్కడ చినుకు లేకపోయినా ఎగువన ఒడిశాలో కురిస్తే ఈ ఏటి మీదున్న గొట్టా బ్యారేజీ దాటి వరద వచ్చేస్తుంది. నవంబరు చివరి నుంచి ఫిబ్రవరి దాకా హాయి.